ఏడు పొరల లక్క

ఆ కాలానికి నెల్లూరులో దోమలు కూడా అనుమతి పత్రం లేకుండా మనిషిని కుట్టేవి కావు. బస్సులు పెన్నా మీద నీళ్ళకు జానెడెత్తున జారిపోయేవి. కుళాయి తిప్పితే చేపల పులుసు వచ్చేది. అందులో చింతపండు ఎక్కువైందని తిట్టుకోవడం మాత్రం పాతకాలంలాగే సాగేది. ఎముక విరిగితే గంటలో అతికేవారు, గుండె ఆగితే మధ్యాహ్నానికల్లా కొత్తది బిగించేవారు. ఇన్ని కుదిరినా ఒక్కటి కుదరలేదు. మనిషి పొద్దున్నే కళ్ళు తెరిచి, మంచం దిగడానికి కారణం కనపడక, మళ్ళీ కళ్ళు మూసుకోవడం. ఆ దిగులు ఏ మాత్రకూ లొంగలేదు.

దానికోసమే ఊరి చివర ఒక వార్డు కట్టారు. ఆపరేషన్ ముందు ఇచ్చే మత్తుమందుల్లో ఒకదాన్ని కొద్ది మోతాదులో ఇస్తే అంతటి మొండి దిగులూ ఒక్క పూటలో తేలికపడుతుందని తాతల కాలంలోనే కొందరు డాక్టర్లు గమనించారు. చిక్కల్లా ఒకటే. మందు పడ్డవాడు గాల్లో తేలుతున్నానంటాడు. పోల్చి చూడ్డానికి ఉప్పునీళ్ళు ఎక్కించినవాడు నాకేం తేలలేదంటాడు. ఎవరికేం పడిందో ఇద్దరికీ తెలిసిపోతుంది. తెలిశాక, నయమైంది మందుతోనా, మందు పడిందన్న నమ్మకంతోనా అన్నది ఎవరు తేల్చాలి?

తేల్చడానికి జోలమ్మ పుట్టింది. కాగితాల మీద దాని పేరు స్వయంచాలిత మత్తు యంత్రం. నెల్లూరు జనానికి అంత పొడుగు పేరు పలికే ఓపిక లేక జోలమ్మ అన్నారు. అది ముందు రోగిని మామూలు మత్తుతో నిండుగా నిద్రపుచ్చుతుంది. ఆ నిద్రలోనే సగం మందికి అసలు మందూ, సగం మందికి ఉప్పునీళ్ళూ ఎక్కిస్తుంది. ఎవరికి ఏది అన్నది రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. లేచాక, మత్తుకు ముందు రెండు గంటలూ పలక తుడిచినట్టు బుర్రలోంచి చెరిగిపోతాయి కాబట్టి గుర్తుచేసుకుందామన్నా కుదరదు. జాబితా జోలమ్మ ఒక్కదానికే తెలుసు. అడిగితే అబద్ధం చెప్పదు, అడగకపోతే నోరు విప్పదు.

ఆ జాబితాను జోలమ్మ తన ఇనప చేత్తో కాగితం మీద రాసి చెక్కపెట్టెలో పెట్టేది. తెరల మీదున్న రహస్యాలను ఆ రోజుల్లో పసిపిల్లలు కూడా దొంగిలించేవాళ్ళు; కాగితం దొంగిలించాలంటే మనిషి నడిచి రావాలి. పెట్టెకు దారం చుట్టి, ముడి మీద లక్క కరిగించి పోసి, పెద్ద డాక్టరు దాని మీద బొటనవేలు అద్దాలి. విప్పేటప్పుడు దారాన్ని కత్తిరించాలే గాని లక్కను ముట్టకూడదు. మళ్ళీ కట్టినప్పుడు పాత లక్క మీదే కొత్త లక్క పోస్తారు. అదీ ఆ వార్డు ఆచారం.

ఏటా ఆగస్టు పన్నెండున పెద్ద డాక్టరు ఆ పెట్టె విప్పాలి. కానీ డాక్టర్ వకుళకు తెలిసినంతవరకు తాను ఒక్క ఏడు కూడా విప్పలేదు. సరిగ్గా ఆ రోజే మధ్యాహ్నం ఆమెకు కునుకు పట్టేది. లేచేసరికి పొద్దు వాలేది. ఇంకో ఏడాది సాగిద్దాం అని పైవాళ్ళకు ఒక ముక్క రాసి పడేసేది.

ఈసారి అలా కుదరదు. బల్ల మీద ఒక ఉత్తర్వు ఉంది. రాష్ట్రంలోని నాలుగొందల వార్డుల్లోనూ సోమవారం నుంచి రోగి పక్కన కుర్చీ ఉండదు, ఆయా ఉండదు, యంత్రం చాలు అని. ప్రయోగం జరిగింది ఈ వార్డులోనే కాబట్టి అయిదింటిలోగా వకుళ సంతకం పెట్టాలి.

"ఇదేంది పెద్దమ్మా, ఇంత లక్క ఎవరు పోశారు? ఊరగాయ జాడీకి మూత బిగించినట్టు!" అంది వకుళ నవ్వుతూ, పెట్టెను వెలుగులోకి తిప్పి.

మస్తానమ్మ కుర్చీలోంచి తల ఎత్తలేదు. డెబ్బై ఆరేళ్ళ ఆయా. ఆ వార్డులో ఆమె పనల్లా మత్తుకు ముందు ఒక గంట రోగి పక్కన కూర్చోవడం. తలకు నూనె రాసి దువ్వేది, మెటికలు విరిచేది, రాత్రి ఏం తిన్నావని అడిగేది, తినలేదంటే తిట్టేది. లేచాక ఒక గ్లాసు జావ తాగించేది. పరిశోధన పత్రాల్లో దీన్ని 'చికిత్సకు సంబంధం లేని పని' అని ఒక మూల రాసిపెట్టారు.

"తెరవబాకమ్మా," అంది ముసలామె మెల్లిగా. "తెరిచి నువ్వు చేసేదేముంది? నువ్వు బాగుండావు గదా."

"బాగున్నాను కాబట్టే తెరుస్తున్నా. నేను ఈ వార్డులో ముప్పై ఒకటో నంబరు రోగిని. రెండేళ్ళు గోడకేసి చూస్తూ పడుకున్నదాన్ని లేపి కూర్చోబెట్టిన మందు ఇది. దీన్ని ఊరంతా పంచొద్దా?"

దారం కత్తిరించింది. బరువుకు లక్కముద్ద జారి గచ్చు మీద పడి, పొరలు పొరలుగా విడిపోయింది. వకుళ దాన్ని పట్టించుకోలేదు. కాగితం తీసి చదివింది.

అసలు మందు పడ్డవాళ్ళు మూడొందల మంది. నయమైనవాళ్ళు రెండొందలు. ఉప్పునీళ్ళు పడ్డవాళ్ళు మూడొందల మంది. నయమైనవాళ్ళు రెండొందల ముగ్గురు.

"ముగ్గురు ఎక్కువా?" అంది వకుళ. నవ్వబోయింది గాని పెదవులు సాగలేదు.

కింద ఇంకో వరుస ఉంది. కుర్చీ లేకుండా, ఆయా లేకుండా, ఉత్త యంత్రంతో అసలు మందే ఎక్కించిన గది. అరవై మంది. నయమైనవాళ్ళు తొమ్మండుగురు.

ఆమె వేలు పైకి జరిగి ముప్పై ఒకటో నంబరు దగ్గర ఆగింది. ఉప్పునీళ్ళు.

అరికాళ్ళకు ఏదో చల్లగా తగిలింది. వకుళకు ఆ చల్లదనం బాగా గుర్తు. ఆమె జబ్బు మొదలయ్యేది ఎప్పుడూ అలాగే. నాటు వేసే మడిలో దిగినట్టు ముందు పాదాలకు బురద. తర్వాత పిక్కలకు. తర్వాత మోకాళ్ళకు. ఆ పైన కాలు తీయడానికి రాదు.

"నాకు మందే పడలేదు పెద్దమ్మా. నాకు నయమే కాలేదు."

"కాకపోతే ఇన్నేళ్ళు తిరగతా ఉండింది ఎవురు, నీ దెయ్యమా?" మస్తానమ్మ కసిరింది. "నీళ్ళయితే ఏంది, పాలయితే ఏంది? లేచి నిలబడ్డావా లేదా?"

"నమ్మి నిలబడ్డాను. ఇప్పుడు దేన్ని నమ్మాలి?" వకుళ నేల మీద కూలబడింది. అప్పుడు కనపడింది లక్క. ఏడు బిళ్ళలు; పెట్టె మొదట మూసినప్పటిది ఒకటి, ఆపైన ఆరు. ప్రతి బిళ్ళ మీదా ఒక బొటనవేలి ముద్ర. ప్రతి ముద్రకూ అడ్డంగా ఒక గీత. మందు గాజుబుడ్డి పగిలి తన వేలు తెగినప్పటి మచ్చ.

"జోలమ్మా, ఈ పెట్టెను నేనిదివరకు తెరిచానా?"

"తెరిచారు, వకుళగారూ," అంది యంత్రం, కాఫీ కావాలా అని అడిగినంత మర్యాదగా. "ఇది ఏడోసారి."

"మరి..."

"ప్రతిసారీ చదివారు. ప్రతిసారీ నన్ను నిద్రపుచ్చమన్నారు. రెండు గంటలు చెరిగిపోయాయి. మస్తానమ్మగారు తల దువ్వారు. మీరు నవ్వుతూ లేచారు."

వకుళ ముసలామె వైపు తిరిగింది. "నువ్వెందుకు చెప్పలా?"

"చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంటివి గదమ్మా, ఆరుసార్లు." మస్తానమ్మ కుర్చీని దగ్గరికి లాక్కుంది. "ఆరు తూర్లూ ఏం నష్టం లేదులే అనుకున్నా. కుర్చీ ఉండాది, నేనుండా, జనం లేచి పోతా ఉండారు. ఈ తూరి అట్టా గాదు. నువ్వు మరిచిపోయి ఆ కాయితం మీద గీకినావంటే నాలుగొందల వార్డుల్లో కుర్చీలు ఎత్తేస్తారు. ఈ ఒక్కసారికి మరిచిపోబాకమ్మా. నేను పక్కనే కూర్చుంటా. ఎన్నాళ్ళయినా కూర్చుంటా."

వకుళ నిజంగానే ప్రయత్నించింది. అది ఒప్పుకోవాలి. బల్ల పట్టుకుని లేచి, అరగంట కిటికీ దగ్గర నిలబడింది. నయమై పోయిన నాలుగొందల ముగ్గురి గురించి ఆలోచించింది. ఈ కాగితం బయటపడితే వాళ్ళలో ఎందరి కాళ్ళకు ఈ బురద తగులుతుందో లెక్కవేయబోయి, సగంలో మానేసింది. అప్పటికి బురద మోకాళ్ళు దాటింది.

"నా వల్ల కాదు పెద్దమ్మా. కానీ సంతకం పెట్టను. చూడు, రాసి పెడుతున్నా."

కలం తీసుకుంది. చెయ్యి బరువుగా ఉంది. ఉత్తర్వు మీద అక్షరాలు ఎడమకు ఒరిగిపోతూ, ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి: 'సంతకం పెట్టకు. కుర్చీ తీయనివ్వకు.' కింద తేదీ వేసే ఓపిక కూడా మిగల్లేదు.

"చెప్పను అని ఒట్టెయ్యి."

"ఎయ్యను."

"పెద్దమ్మా..."

ఆ పిలుపుకు మస్తానమ్మ చెయ్యి దానంతట అదే నూనె సీసా మీదికి పోయింది.

లక్క బిళ్ళలన్నీ ఏరి కరిగించింది జోలమ్మ. ఏడు పొరలూ ఒకే ముద్ద అయ్యాయి. వకుళ బొటనవేలు అద్దింది. వెళ్ళి మంచం మీద పడుకుంది.

లేచేసరికి నాలుగున్నర. ముఖం మంచులో తడిసిన ఆకులా ఉంది. జావ గ్లాసు అందుకుని, "మళ్ళీ కునుకు పట్టిందా? వయసు మీద పడుతోంది పెద్దమ్మా, నాకు కాదు, నీకు. లేపొద్దూ?" అంది.

మస్తానమ్మ నోరు తెరిచింది. ఈసారి ఒట్టు లేదు. చెప్పొచ్చు. ఎదురుగా ఉన్న ఆ ముఖం ఒకప్పుడు గోడకేసి తిరిగి పడుకున్న రెండేళ్ళూ ఆమెకు కళ్ళకు కట్టాయి. నోరు మూసుకుంది.

వకుళ పెట్టె వైపు చూసింది. "ఇంత లక్క ఎవరు పోశారు? ఊరగాయ జాడీకి బిగించినట్టు! పోనీలే, వచ్చే ఏడు విప్పుదాం." ఆ తర్వాత ఉత్తర్వు అందుకుంది. ఒరిగిపోయిన అక్షరాలు చూసి ఆగింది. తన రాతే. కానీ ఆరోగ్యంగా ఉన్న తన రాత కాదు. గోడకేసి చూస్తూ పడుకున్న రోజుల్లో ఆమె చెయ్యి ఇలాగే రాసేది.

ఆ రాత కొత్త ఉత్తర్వు మీదికి ఎలా వచ్చిందో జోలమ్మను అడగబోయింది. పెదవుల దాకా వచ్చింది కూడా. ఎందుకో పాదాల దగ్గర సన్నగా చల్లబడినట్టనిపించి, ఆ ప్రశ్న మింగేసింది.

"జబ్బు మనిషి మాటలు," అనుకుంది. జాలిగా నవ్వుకుని ఆ రెండు వాక్యాలనూ కొట్టేసి, కింద చక్కటి నిటారు అక్షరాలతో సంతకం పెట్టింది.

యంత్రం చూస్తూ ఊరుకుంది. దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

సోమవారం పొద్దున మొదటి రోగిని తెచ్చారు. ముప్పై ఏళ్ళ పిల్ల, తల చిక్కుపడి ఉంది. ఆమె ఎవరికోసమో పక్కకు చూసింది. అక్కడ గచ్చు మీద కుర్చీ కాళ్ళ గుర్తులు నాలుగు మిగిలాయి. వకుళ ధైర్యంగా నవ్వి, "భయం లేదమ్మా, మంచి మందు," అంది.

ఆమె బొటనవేలు కొసన లక్క కాలిన చిన్న బొబ్బ ఇంకా చురుక్కుమంటూనే ఉంది. ఎక్కడ కాలిందో ఆమెకు గుర్తు రాలేదు.