గుమ్మం లేని గోడలు, రెండు కాగితపు సంచులు

"నా ప్లాన్ మీద మీ ఎర్ర పెన్సిల్ ఏం చేస్తోందండీ?"

కొత్త సర్వేయరు తల ఎత్తలేదు. బల్ల మీది కాగితంలో 'రోజూ పడవలో రాకపోకలు' అన్న ముక్కను నిమ్మళంగా కొట్టేసి, పక్కన 'దీవి మీదే గుడారాల్లో బస' అని రాశాడు.

ఆమెకు ఒళ్లు మండింది. ఆ దీవి ఆమెది. పట్టా ఉందని కాదు. విమానం నుంచి తీసిన ఫొటోల్లో, చెట్ల సందుల్లో దాగిన పాతకాలపు రాతిగోడల్ని మొదట పసిగట్టింది తనే. చుట్టూ గోడ, ఎక్కడా గుమ్మం లేదు. అలా ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు? ఏళ్లుగా అదే ధ్యాస. తవ్వకం ప్లానూ తనే రాసింది.

తిరకాసల్లా ఒక్కటే. పడవెక్కితే కడుపు ఆమె మాట వినదు. సంగతి తెలిస్తే తవ్వకాల డైరెక్టరమ్మ "నువ్వు ఒడ్డునే ఉండమ్మా" అనేస్తుంది. అనుమానం రాకూడదనే, గుండె రాయి చేసుకుని, రోజూ రాకపోకలని రాసింది.

గుడారాలనగానే ప్రాణం లేచొచ్చింది. అయినా కోపం కోపమే.

"అక్కడ మంచినీళ్లు లేవు, తెలుసా?"

"డ్రమ్ముల్లో పట్టుకెళదాం."

"పాములుంటే?"

"మీరు చెబితే వింటాయి లెండి. మీ దీవేగా."

నవ్వు కనపడకుండా ఆమె కిటికీ వైపు తిరిగింది. బయట సన్నగా వాన.

ఇంటికెళ్లాక తట్టింది. పోయిన వారం అందరూ పడవ చూడ్డానికి ఎక్కితే, తను ఫోనొచ్చినట్టు నటించి రేవులోనే ఆగిపోయింది. పక్కన ఇతనూ ఆగాడు, బూటు లేసు కట్టుకుంటూ. కనిపెట్టేశాడన్నమాట! గుట్టు బయటపెట్టకుండా తన కోసమే ప్లాన్ మార్చాడన్నమాట! పిచ్చి మొహం, ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

దిగే చోటు చూసిరావడానికి బయల్దేరిన పొద్దున, రేవులో మెల్లగా అంది: "థాంక్సండీ. నా కోసం ప్లాన్ మార్చారుగా."

"మీ కోసమా?" అతను తెల్లబోయాడు. "నా కోసమండీ! పడవెక్కితే నాకు డోకు."

"మరి ఆ రోజు బూటు లేసు?"

"నా బూట్లకు లేసులే లేవు."

చూసింది. నిజమే. ఉసూరుమంది ప్రాణం. అంతలో అతను జేబులోంచి కాగితపు సంచులు తీశాడు. రెండు.

"రెండెందుకు?"

"ఆ రోజు మీరు ఫోన్ తలకిందులుగా పెట్టుకుని మాట్లాడారు. గుడారాలు నా కోసమే గానీ, ఈ రెండోది మీ కోసమే."

పడవ కదిలింది. ఆ తర్వాతి ముచ్చట చెప్పుకోకపోవడమే మర్యాద.

దీవి మీద దిగాక డైరెక్టరమ్మ నడుం మీద చేతులేసుకుని నిలబడింది. "ఇద్దరూనా! ముందే చెప్పొద్దూ?"

"చెబితే ఒడ్డునే వదిలేస్తారని..."

"అంత కక్కుకుంటూ కూడా దీవి పటం తడవకుండా గుండెలకు హత్తుకున్నావు. నిన్ను వదిలేసి ఏం తవ్వను? గుడారాలే ఖాయం. పదండి."

ఆమె వెళ్లి నాచు పట్టిన గోడ మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. ఏళ్ల తరబడి ఫొటోలో చూసిన రాయి.

వెనక నుంచి నీరసంగా గొంతు: "ఇక్కడే ఉండిపోదామా, మనిద్దరం?"

"ప్రపోజ్ చేస్తున్నారా, తిరుగు పడవకు భయపడుతున్నారా?"

"రెండూనండీ."

ఆమె వెనక్కి తిరక్కుండానే రెండో చెయ్యి చాపింది.

"ముందు గుమ్మం వెతుకుదాం, రండి."