ఇసుక కింద చప్పుడు

మధ్యాహ్నం బడి వదలగానే లెస్తి సముద్రపు ఒడ్డుకు పరుగెత్తింది. ఇండోనేసియాలోని ఆ సులవేసి దీవి తీరంలో నల్ల ఇసుక నిండా గుంతలే. అడవిలోంచి మాలియో పక్షులు జంటలుగా వచ్చి, మోచేతి లోతున గుడ్డు పూడ్చి వెళ్ళిపోతాయి. ఆ గుడ్లను తవ్వి తీయకూడదని ఊరంతా ఒట్టు పెట్టుకుంది.

లెస్తి తవ్వింది. ఒక్కటే కదా అనుకుంది.

గుడ్డు రెండు అరచేతుల నిండా వచ్చింది. జ్వరం వచ్చిన నుదురులా వెచ్చగా ఉంది. రేపు తన స్నేహితురాలు నోవికి చూపించి గొప్పలు పోవాలని, దాన్ని ఇంటికి తెచ్చి బియ్యం డబ్బాలో దాచింది.

ఇంట్లో అవ్వ ఒక్కతే ఉంది. ఆమెకు చూపు సరిగా ఆనదు. బయట ఆకు కూడా కదలడం లేదు.

టక్.

"ఎవరో తలుపు కొడుతున్నారు, చూడవే," అంది అవ్వ.

లెస్తి తలుపు తీసింది. ఎండలో వీధి ఖాళీగా ఉంది.

టక్. టక్.

"తీశావా లేదా?"

"తీశానవ్వా. ఎవరూ లేరు."

"మరి ఆ కొట్టేదెవరే?" అవ్వ తల మెల్లగా డబ్బా వైపు తిరిగింది. "ఇంట్లోంచే వస్తోంది."

లెస్తి డబ్బా మూత తీసింది. డబ్బాలో బియ్యం గింజలు వాటంతటవే జారుతున్నాయి.

"అవ్వా... నేనే గుడ్డు తెచ్చాను."

అవ్వ తిట్టలేదు. "పిల్ల లోపల్నుంచి కాళ్ళతో తన్నుతోందే పిచ్చిదానా! పైన ఇసుక ఉందనుకుంటోంది. దానికి అమ్మ రాదు, నాన్న రాడు. ఆ వేడి ఇసుకే దిక్కు. పో, చల్లారకముందే పో!"

లెస్తి గుడ్డును గుండెకు హత్తుకుని పరుగెత్తింది. అదే గుంతలో పెట్టి, మెత్తగా ఇసుక కప్పి, చెవి ఆనించింది.

గర్... గర్... ఏదో గీరుతున్న చప్పుడు. ఆ గుంతలోంచి కాదు. పక్కనుంచి. ఇంకాస్త అవతల నుంచి కూడా. ఎన్నో పిల్లలు, ఒకదానికొకటి తెలియకుండా, చీకట్లో పైకి తవ్వుకుంటున్నాయి. ఇన్నాళ్ళూ తను గెంతులేసింది వాటి మీదే!

లెస్తి ఊపిరి బిగబట్టి, మునివేళ్ళ మీద బయటికి నడిచింది.

మూడో రోజు సాయంత్రం నోవి వెంట వచ్చింది. "ఏంటే, ఇసుకకేసి అలా చూస్తావు? దెయ్యం పట్టిందా?"

"ష్!"

ఇసుక కదిలింది. గోధుమరంగు తల ఒకటి పైకి లేచింది. అప్పుడే పొదలోంచి ఉడుము నాలుక ఆడిస్తూ వచ్చింది. లెస్తి కర్ర తీసుకుని మధ్యలోకి దూకింది. నేలమీద గట్టిగా కొట్టింది. ఉడుము వెనక్కి జరిగింది.

పిల్ల ఇసుక దులుపుకుంది. ఎవరి కోసమూ చూడలేదు. రెక్కలు విప్పి నేరుగా అడవికి ఎగిరిపోయింది.

"అబ్బ! పుట్టీపుట్టగానే! సరే, పోయిందిగా. ఇంటికి పద," అంది నోవి.

"నువ్వు పో. ఉడుము ఇంకా పోలేదు."

లెస్తి కర్ర గట్టిగా పట్టుకుని ఇసుక అంచున కూర్చుంది.