బాణం మీద మాట

ద్వాలికి భయాలు చాలా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది ఒక్కటే: తాను రాసిన మాట వల్ల ఏ పిల్లకైనా తల్లి లేకుండా పోతుందేమోనని.

ఆ ఉదయం పదీ నలభైకి, పినపాక దాటి అడవి మొదలయ్యే చోట ఆగిన వ్యానులో, ఆ భయం ఎదురొచ్చి నిలబడింది.

వ్యాను మీద 'ఉచిత కంటి పరీక్షలు' అని బోర్డు. లోపల అక్షరాల చార్టును పక్కకు జరిపితే వెనక స్క్రీన్. స్క్రీన్ మీద 'జాలం', గూఢచారి ఏజెన్సీ వాడే కాన్సెప్ట్ మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్. ఏజెంటు సమాచారం తెచ్చిన ప్రతి మనిషీ, ప్రతి చోటూ అందులో ఒక గుండ్రం. గుండ్రానికీ గుండ్రానికీ మధ్య బాణం. బాణం మీద ఆ రెంటికీ ఏం సంబంధమో చెప్పే ఒక్క మాట. మాట లేని బాణాన్ని జాలం సేవ్ చేయదు. ఊళ్లు తిరిగే ద్వాలి తెలుగులో పెడుతుంది. మ్యాప్ డెస్కులో కూర్చునే సుజన దాన్ని ఇంగ్లీషు చేస్తుంది.

తొమ్మిదో తరగతిలో బడి మానిన ద్వాలికి మొదట్లో ఆ స్క్రీన్ చూస్తేనే వణుకు. తిరుమలాయపాలెం దగ్గరి తండాలో ఏడాది బిడ్డను తన తల్లికి అప్పగించి, అడ్డాకులు కొనే మనిషి వేషంలో అడవి ఊళ్లు తిరిగింది. మూడు నెలలకు చెయ్యి తిరిగింది.

"బ్రీఫింగ్," అన్నాడు చీఫ్ వెంకటరామారావు. సత్తుపల్లి వైపు మనిషి. మాట నెమ్మది. "విదేశీ ముఠా ఒకటి మన రాడార్ డ్రాయింగులు కొట్టేసింది. మెమొరీ కార్డు ఇవాళ చేతులు మారుతుంది. తెచ్చేది ఓ ఆడమనిషి. పదకొండుకు అడ్డాకుల మోపుతో ఈ బాటనే దిగుతుంది. మోపులో బాంబు ఉండొచ్చని సుజన అంచనా. వాటర్ ట్యాంకు మీద మన షూటరున్నాడు. ఆమె మోపులో చెయ్యి పెడితే కాల్చేయమని ఆర్డరు."

"ఎవరు సార్ ఆమె?"

చీఫ్ శత్రువని ఎరుపు వేసిన గుండ్రం మీద వేలు పెట్టాడు. ఇంగ్లీషు అక్షరాల్లో జంపక్క పేరు.

జంపక్క కూతురు నాగలక్ష్మి హాస్టల్లో ఆరో తరగతి. ఆ పిల్లకు తండ్రి లేడు.

"జంపక్కనా? నాకు ఖబర్లు చెప్పేదే ఆమె సార్! మన మనిషి!"

"ఈ బాణం నువ్వే పెట్టావు గదమ్మా."

జంపక్క నుంచి ముఠాకు ఒక బాణం. దాని మీది ఇంగ్లీషు మాటను ద్వాలి కూడబలుక్కుంది. "జాయిన్డ్. అంటే ఏంది సార్?"

"చేరింది అని."

"అయ్యో! నేను 'కలిసింది' అని పెట్టిన. ఫొటోలు తీసేటోడొకడు అడవిల ఎదురైండు, నీళ్లడిగిండు, గంతే. వాణ్ని కలిసింది. వాళ్లల్ల కలిసింది అని కాదు!"

సుజన నల్లకళ్లద్దాలు తల మీదికి తోసుకుంది. డాక్టరు తెల్లకోటులో కూడా సినిమా పోస్టరులా ఉంది. "'ని' పెడితే ఒకటి, 'లో' పెడితే ఇంకొకటి. నువ్వు ఏదీ పెట్టలేదు ద్వాలీ. నేనేం చెయ్యను?"

ద్వాలికి ఆ బాణం పెట్టిన రోజు గుర్తొచ్చింది. బిడ్డకు జ్వరమని తండా నుంచి ఫోనొచ్చిన రోజు అది. చేతికి దొరికిన మాట రాసి, మళ్లీ చదవకుండా పంపేసింది.

"షూటరును ఆపుండ్రి సార్!"

"రేడియో కట్," అంది సుజన. "ముఠా వింటుందని నేనే ఆపించాను. ఎరుపు తీయాలంటే హైదరాబాద్ అప్రూవల్. ఇరవై నిమిషాలు."

గడియారంలో పదీ యాభై రెండు.

ద్వాలి చూపు పటమంతా తిరిగింది. ఇంగ్లీషు రాకపోయినా బాణం ఎటు పోతుందో తెలుసు. గబగబా వేలితో గీసింది. అడవిలోంచి బయటపడే వెనక రోడ్డు చెక్‌పోస్టు ఇవాళ ఖాళీ చేయించింది ఎవరు? రేడియో ఆపించింది ఎవరు? మాట మార్చింది ఎవరు? పొద్దున మొదటి పేషెంటని ఒకణ్ని పిలిచి, అందరినీ బయటికి పంపి తలుపేసుకుంది ఎవరు? వాడి మెడలో కెమెరా బెల్టు ద్వాలి చూసింది కూడా. నాలుగు బాణాలూ ఒకే గుండ్రం మీదికి పోయాయి.

సుజన.

ఇక సుజన నుంచి ముఠాకు ఒక్క బాణం. మాట కోసం జాలం ఖాళీ గడి చూపించింది. ద్వాలి వేలు ఆగిపోయింది. ఒక్క మాటతో ఇప్పటికే ఒకామెను తుపాకీ ముందు నిలబెట్టింది. ఇదీ తప్పయితే?

"సార్, దీని మీద మాట మీరే రాయుండ్రి. నేను జంపక్క కాడికి పోతున్న."

చీఫ్ పటం చూశాడు. తర్వాత సుజనను చూశాడు. అప్పటికే ద్వాలి తలుపు తోసుకుని దూకేసింది.

బాట మలుపులో జంపక్క. మోపు దించి అలుపు తీర్చుకుంటోంది. ద్వాలి కనపడితే చాలు, బిడ్డ కోసం తెచ్చిన తునికిపండ్లు మోపులోంచి తీసి ఇవ్వడం ఆమెకు అలవాటు. ఆ అలవాటు జాలంలో ఏ గుండ్రంలోనూ లేదు. అది గుర్తొచ్చేసరికి ద్వాలి సగం దూరం పరుగెత్తేసింది.

"ఓ పిల్లా! గట్ల ఉరుకుతున్నవ్, కుక్కలు తరిమినయా ఏంది?" జంపక్క నవ్వుతూ మోపు వైపు వంగింది. "ఆగు, నీ బిడ్డకు..."

ట్యాంకు మీద ఏదో తళుక్కుమంది.

"తియ్యకు!" ద్వాలి అరిచింది. "ఎవలకు గావాలె నీ పండ్లు? నా బిడ్డకు జరమొచ్చిందే వాటితోని! చేతులు ఎనకకు తీయ్!"

మోపుకు జానెడు దూరంలో జంపక్క చెయ్యి ఆగిపోయింది. ముఖం నల్లబడింది. ఆ క్షణంలోనే ద్వాలి ఆమెను కావలించుకుని, తన వీపు ట్యాంకు వైపు తిప్పింది.

పదకొండయింది. తుపాకీ పేలలేదు.

వ్యాను దగ్గర చీఫ్ సుజన చెయ్యి మెలిపెట్టి పట్టుకున్నాడు. నల్లకళ్లద్దాల పెట్టెలో, పొద్దున తలుపేసుకున్నప్పుడు చేతులు మారిన మెమొరీ కార్డు దొరికింది. చీఫ్ రేడియో తెరిపించాడు. వెనక రోడ్డులో గేటు పడింది. కెమెరా మనిషి జీపు దాని ముందే ఆగిపోయింది.

"మేడం, ఆ బాణం మీద ఏం రాయమంటారు?" అని చీఫ్ అడిగాడట. సుజన తెలుగు రానట్టు చూసిందట.

ఇక్కడ జంపక్క ట్యాంకు మీది తుపాకీని చూసింది. "నన్నా? నేనేం జేసిన చెల్లే?"

"నువ్వేం చెయ్యలే అక్కా. నేనే తప్పు రాసిన. పండ్లతోని జరం రాలే, అది గూడ అబద్ధమే."

జంపక్క మోపు ఎత్తుకుని వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఏజెన్సీ ద్వాలికి ప్రశంసాపత్రం ఇచ్చింది. అందులో ఒక్క తప్పు కూడా లేదు. ద్వాలి దాన్ని నాలుగుసార్లు చదివి, మడిచి, బిడ్డ బట్టల కింద పెట్టేసింది. రెండుసార్లు ఆ ఊరికి వెళ్లింది కూడా. రెండుసార్లూ జంపక్క తలుపు తీయలేదు. ఆకులకూ రావడం మానేసిందట.

మీలో ఎవరైనా పినపాక మీదుగా వెళితే, అడవి మొదట్లో ఎడమ చేతి బాటలో మూడో ఇల్లు. జంపక్క వేళకు తింటోందో లేదో, కూతుర్ని చూడడానికి పోతోందో లేదో, దయచేసి ఒక్కసారి కనుక్కోండి. ద్వాలి పంపిందని చెప్పకండి. దారి తప్పి వచ్చామనండి. నమ్మదు. ఈమధ్య ఎవరినీ నమ్మడం లేదట. ఏజెన్సీ ఉద్యోగానికి ఇప్పుడు పూర్తిగా పనికొస్తుంది.