కొలతనేల మీద దండం

నాలుగో పిల్లవాణ్ణి పంపమంది గోడలోని గొంతు. పరీక్షలకు సాక్షిగా ఉండే హైమవతి, ఎవరు ఎలా లేచినా పసిగట్టే కొలతనేల అంచున నిలబడి తలూపింది. కండ కరిగే జబ్బుతో అప్పటిదాకా వచ్చిన ముగ్గురిలో ఇద్దరు నేలమీంచి చేతుల సాయం లేకుండా లేచారు. వాళ్ళకు కండను తిరిగి నేసే కండనేత సూది ఖాయం. మూడోవాడు తొడల మీద చేతులానించి, తన ఒంటిని తనే ఎక్కుతున్నట్టు లేచాడు. కొవ్వుగా మారిపోయిన కండను ఏ సూదీ బాగుచెయ్యలేదు. అలాంటివాళ్ళకు చక్రాల కుర్చీ ఇచ్చి పంపేస్తారు. ఈ కొలువులో చేరాక హైమవతి గుండె రాయి చేసుకుంది.

లోహిత్‌కి ఆరేళ్ళు. వాళ్ళమ్మ సుగుణ వేలు పట్టుకుని నేలమీదికి వచ్చాడు.

"మేడంకి దండం పెట్టుకో నాన్నా," అంది సుగుణ, అలవాటుగా.

బుద్ధిమంతుడు. హైమవతి పాదాలు అందుకోబోయి వంగాడు. మోకాళ్ళు నిలవక చతికిలబడ్డాడు. చేతులు ముందు నేలకానించాడు, తర్వాత మోకాళ్ళకు, ఆపైన తొడలకు. ఎలాగో లేచి, మెచ్చుకుంటారని నవ్వాడు.

"పరీక్ష పూర్తి. చేతుల సాయం. అనర్హుడు," అంది గోడ.

"ఇంకా మొదలే పెట్టలేదు కదమ్మా," అంది సుగుణ హైమవతితో. "పొద్దున ఇంట్లో చేతులు పెట్టకుండానే లేచాడు. దండం పెట్టమన్నది నేనే. నా నోరు పడిపోను."

హైమవతి గోడవైపు తిరిగింది. "అది పరీక్ష కాదు, దండం. వాణ్ణి మళ్ళీ లేవనివ్వు."

"ఏడాదికి ఒకటే పరీక్ష."

ఏడాది తిరిగేసరికి వాడి తొడల్లో సూదికి దొరికే కండ ఉండదు. అది గోడకూ తెలుసు. వాడింకా నవ్వుతూనే ఉన్నాడు. హైమవతికి ఒళ్ళు మండిపోయింది. నేల మధ్యకు వెళ్ళి బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"సాక్షి లేవాలి," అంది గోడ.

ఆమె లేవబోయినట్టు నటించి, చేతులు తొడలకానించి, మళ్ళీ కూలబడింది. "నాకూ చేతకావడం లేదు."

ఏ జబ్బూ లేని సాక్షి లేవలేకపోతే తప్పు నేలది. నేలది తప్పయితే ఆ రోజు పరీక్షలేవీ చెల్లవు.

"నేటి ఫలితాలు రద్దు. సూదులు వెనక్కి. అందరికీ రేపు మళ్ళీ పరీక్ష," అంది గోడ.

సుగుణ హైమవతి చేతులు పట్టుకుని ఏడ్చేసింది. తలుపు అవతల, పొద్దున నెగ్గినవాళ్ళలో ఒక పిల్లవాడి తల్లి కాబోలు, ఎవరినో అడుగుతోంది.

"మావాడు లేచాడు కదండీ. రేపు లేవలేకపోతే?"

హైమవతికి ఆ మాట స్పష్టంగా వినిపించింది. తల దించుకుంది గాని, నేలమీంచి లేవలేదు.