సవరయ్య ఒప్పుకున్న కోతలు

షాలోమి క్యారేజీ సర్దుకుంటుంటే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మామిడి ప్యాక్‌హౌస్‌లో రికార్డుల సీటుకు మారాక ఇదే మొదటిది. ‘ముసునూరు తోట. నేటి కోతకు ఒప్పుకున్నవారు: సవరయ్య. ఉదయం 6.10.’

నాన్న సవరయ్యను సమాధి చేసింది మట్టల ఆదివారం మర్నాడు. నెల దాటింది.

పెరట్లో తల్లి రిబ్కమ్మ కాయలు కోసే చిక్కాలకు తాళ్లు బిగిస్తోంది. పక్కన స్టూలు మీద ఆయన బైబిలు, దాని మీద ఆయన ఫోను.

“అమ్మా, ఇది నువ్వే నొక్కావా?”

“మరి మీ నాన్న లేచొచ్చి నొక్కుతారా?” అని నవ్వబోయి ఆగిపోయింది.

“ఎన్నిసార్లు?”

“ఇవాళ్టితో నాలుగు. చెరిపెయ్యవే.”

“బ్లాక్‌చెయిన్ అంటే గోడ మీద బొగ్గుగీత కాదమ్మా! మన రైతు సంఘం, ప్యాక్‌హౌస్, కొనే కంపెనీ, అందరి దగ్గరా ఒకే రాత పడుద్ది. ఎవరూ చెరపలేరు. నువ్వు నొక్కితే, ఎవరినీ అడక్కుండానే లారీకి కబురెళ్లిపోద్ది. చనిపోయినాయన ఒప్పుకున్నారని కంపెనీవాళ్లు వాళ్లంతట వాళ్లు పట్టుకుంటే సంఘంలో అందరి కాయా ఆపేస్తారు. అబద్ధ సాక్ష్యం పలకొద్దని నాకు నేర్పింది నువ్వే కదా!”

రిబ్కమ్మ చేతిలో తాడు వదులైంది. “తెలీక చేశాననుకున్నావా? ఆ యాప్ తెరవగానే ‘నమస్కారం సవరయ్య గారూ’ అని పైకి అంటదే. ఈ ఇంట్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచేది అదొక్కటే మిగిలింది. నా పేరు పెడితే ఆయన్ని తీసేస్తారనుకున్నా.”

పొద్దున్నే నిద్రలో నాన్న పేరు వినబడితే కల అనుకుంది షాలోమి ఇన్నాళ్లూ.

తల్లి పక్కన కూలబడింది. “తియ్యరమ్మా. తప్పు చెరగదు, దాని కింద నిజం రాయొచ్చు. నిరుడు నాన్న ఒప్పుకున్న కోతలన్నీ అక్కడే ఉంటాయి. ఎవరూ తియ్యలేరు.”

“ఎప్పటికీనా?”

“ఎప్పటికీ. మనమే ముందు చెప్తే మన కాయ ఒక్కటే ఆగుద్ది. మాట కూడా పడాలి.”

“పడదాం. ఆయనైతే ఎప్పుడో చెప్పేసేవారు.”

రిబ్కమ్మ కొంగుతో వేలు తుడుచుకుని కూతురు చూపించినచోటల్లా నొక్కింది. ‘నా భర్త సవరయ్య చనిపోయారు. ఈ నాలుగు కోతలకూ ఒప్పుకున్నది నేను, రిబ్కమ్మ.’

ఫోను పలికింది:

“నమస్కారం రిబ్కమ్మ గారూ.”

ఎవరో వెనకనుంచి పిలిచినట్టు ఆమె తోటవైపు తిరిగి చూసింది. చెట్ల కింద ఎవరూ లేరు. సమాధి దగ్గర కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది. షాలోమి ఆమె తల ఒళ్లోకి తీసుకుంది.