ఆంటీ వంతు ప్రశ్న

ఎవాంజెలిన్ ఆంటీ గోంగూర పచ్చడి సీసాను ఉన్ని మేజోళ్లలో చుట్టి సూట్‌కేసులో ఓ మూలకు కుక్కింది. పెట్టె మూత పడలేదు. జెమీమా ఎక్కి కూర్చుంటే గానీ జిప్పు కదల్లేదు.

ఆంటీ జెమీమా వాళ్లకు చుట్టమేమీ కాదు. ఐర్లండ్‌లోని కిల్కెన్నీలో వాళ్లింటి చిన్న గదిలో అద్దెకుంటూ, ముసలివాళ్ల హోమ్‌లో కేరర్‌గా పనిచేసేది. రేపు స్కాట్లాండ్‌లోని ఇన్వర్నెస్‌కు కొత్త ఉద్యోగానికి వెళ్తోంది.

సాయంత్రాలు ఆంటీ, జెమీమా ఇద్దరూ సోఫాలో చేరి బ్రిటిష్ గేమ్ షోలు చూసేవారు. తెర కింద వచ్చే మాటలు చదివి చదివి ఆంటీ ఇంగ్లిష్ పెంచుకుంది. హోమ్‌లో తెలిసిన ముసలమ్మలతో బాగానే మాట్లాడేది. కొత్తవాళ్లు ఎదురైతే మాత్రం గొంతు పెగిలేది కాదు. అందుకని జీపీ డాక్టరు దగ్గరైనా, షాపులోనైనా ఆంటీ బదులు జెమీమాయే చెప్పేసేది. సాయం చేస్తున్నాననే అనుకునేది.

"ఇవాళ క్విజ్‌లో నా ప్రశ్నకి నేనే చెప్తా, జెమీమా. రేపట్నుంచి పక్కన నువ్వుండవుగా," అంది ఆంటీ.

"గ్రాండ్, ఆంటీ. ఐ వోంట్ సే ఎ వర్డ్."

మధ్యాహ్నం చర్చి హాలులో తెలుగువాళ్ల క్విజ్. ఈసారి అంశం గేమ్ షోలే. ఐరిష్ ఇరుగుపొరుగు కూడా వచ్చారు కాబట్టి జవాబులు ఇంగ్లిష్‌లో చెప్పాలి. జట్టుకు పిల్లల్లో ఒకరు, పెద్దల్లో ఒకరు; జెమీమా, ఆంటీ ఒక జట్టు. ఎవరిని అడిగితే వాళ్లే చెప్పాలి. పక్కవాళ్లు నోరు విప్పితే ఆ ప్రశ్న పోయినట్టే.

ప్రశ్నలు అడిగేది శౌరి అంకుల్. మాస్టర్‌మైండ్ షోలో కుర్చీ ఏ రంగని జెమీమాను అడిగాడు. నలుపని టక్కున చెప్పింది. తరువాత ఆంటీ వంతు. కౌంట్‌డౌన్ షోలో గడియారం ఎన్ని సెకన్లు తిరుగుతుందని అడిగాడు.

ఆంటీ లేచి నిలబడింది. పెదవులు కదిలాయి. మాట రాలేదు. హాలంతా తనవైపే చూస్తోంది. జెమీమా ఆ నిశ్శబ్దాన్ని భరించలేకపోయింది.

"థర్టీ," అనేసింది.

జవాబు సరైనదే గానీ ప్రశ్న ఆంటీదని శౌరి అంకుల్ తల అడ్డంగా ఊపాడు. పక్క బల్ల దగ్గరి జట్టులోంచి ప్రెయిస్ అనే కుర్రాడు అందుకున్నాడు.

"గదితో పాటు నోరు కూడా అద్దెకిచ్చారా, జెమీమా?"

అందరూ నవ్వారు. ఆంటీ నవ్వలేదు, కోప్పడనూ లేదు. మెల్లగా కూర్చుంది. తను హెల్ప్ చేద్దామనే చెప్పానని జెమీమా గొణిగింది.

"నాకు తెలుసమ్మా. నోటి దాకా వచ్చింది. నువ్వు కాస్త ఆగుంటే చెప్పేదాన్ని."

జెమీమా చెవులు వేడెక్కాయి. ఇన్నాళ్లూ జీపీ దగ్గర, షాపులో ఎన్ని మాటలు ఇలాగే ఆంటీ నోటి దాకా వచ్చి ఆగిపోయాయో.

ఆఖరి ప్రశ్న మళ్లీ ఆంటీకే వచ్చింది. తక్కువ పాయింట్లు వచ్చినవాళ్లే గెలిచే పాయింట్‌లెస్ షోలో అన్నిటికంటే మంచి జవాబు ఏది?

జెమీమాకు తెలుసు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, పళ్లు బిగించింది. ఆంటీ ముఖం చూస్తే తొందరపెట్టినట్టవుతుందని నేలవైపు చూసింది. ఎవరో దగ్గారు. శౌరి అంకుల్ వాచీ చూసుకున్నాడు. అయినా జెమీమా పెదవి విప్పలేదు.

"రైట్ ఆన్సరే ఉండాలి," అని తెలుగులో మొదలుపెట్టి, ఆంటీ ఆగింది. గొంతు సవరించుకుంది. "రైట్ ఆన్సర్. బట్... నోబడీ ఎల్స్ టోల్డ్ ఇట్. జీరో ఈజ్ బెస్ట్."

ముందు చప్పట్లు కొట్టింది ప్రెయిసే. గెలిచింది కూడా ప్రెయిస్ జట్టే, ఒకే ఒక్క పాయింటు తేడాతో. ఆ పాయింటు ఎవరివల్ల పోయిందో జెమీమాకు తెలుసు. ఆంటీ మాత్రం ఇంటికి నడుస్తున్నంతసేపూ "జీరో ఈజ్ బెస్ట్" అని తనలో తానే చెప్పుకుంటూ వచ్చింది.

మర్నాడు పొద్దున డబ్లిన్ ఎయిర్‌పోర్టుకు వెళ్లే బస్సు వచ్చింది. ఎక్కడికని, టికెట్టు పోవడానికే సింగిలా, తిరిగి రావడానికి కూడా రిటర్నా అని డ్రైవరు గబగబా అడిగాడు. జవాబు తనే చెప్తుందన్నట్టు జెమీమా వైపే చూశాడు. జెమీమా ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఎయిర్‌పోర్ట్. సింగిల్, ప్లీజ్," అంది ఆంటీ.

అది 2023 అక్టోబరు ఆఖరి ఆదివారం. ఎవాంజెలిన్ ఆంటీ ఆ రోజు వెళ్లింది. కిల్కెన్నీకి మళ్లీ రాలేదు.