నడిమి మనిషి

ఉత్తరాన కొత్త రోడ్డు అడవిని చీల్చుకుంటూ వచ్చి, ఊరి వైపు దిగే చోట ఒక మలుపుంది. పొద్దుగూకితే గుర్రాలు కూడా అక్కడ మొరాయిస్తాయి. మంచులో ఆ తెల్లటి భూర్జ చెట్లని చూస్తే, ఎవరి కోసమో యుగాల తరబడి నిలబడి ఎదురుచూస్తున్నట్టే ఉంటుంది. అందంగానే ఉంటుంది... కానీ ఎవరూ ఆగరు.

రోడ్డు వేస్తూ చచ్చిన ఖైదీలని గొలుసులతో సహా పాతిపెట్టింది అక్కడే.

వాళ్ళ మీద జమేదారు హిరుమా గెన్పాచి. అప్పట్లో ఒక్కో గొలుసుకి ఇద్దరేసి ఖైదీలు. ఓ సాయంత్రం ఒక జతలో ఒకడు పోయాడు. రెండోవాడు జ్వరంతో మూలుగుతున్నాడు.

"తాళం తీసి, మళ్ళీ వేసి... ఎవడికుందిరా అంత తీరిక?" అన్నాడు గెన్పాచి. ఇద్దర్నీ ఒకే గుంటలోకి తోయించాడు.

మట్టి పడుతున్నంతసేపూ ఆ రెండోవాడు తిట్టలేదట, ఏడవలేదట — రెప్ప వెయ్యకుండా గెన్పాచినే చూశాడట.

రోడ్డు పూర్తయింది. పట్నం నుంచి ఇసోగై అనే ఫొటోగ్రాఫరు గడ్డకట్టిన మంచులో కెమెరా ఈడ్చుకుంటూ వచ్చాడు. రోడ్డూ, కొత్త ఊరూ ఒకే పటంలో పడాలి, మర్నాడు ఓడలో టోక్యో వెళ్ళాలి — అదీ పైవాళ్ళ హుకుం. పటం నచ్చితే గెన్పాచికి చలికాలంలో కమలాలు పండే సొంతూరికి బదిలీ. దానికోసం ఎన్నేళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నాడో!

"ఈ మలుపు నుంచైతేనే ఊరంతా పడుతుంది, జమేదారు గారూ," అన్నాడు ఇసోగై.

వద్దంటే ఎందుకని అడుగుతారు. గెన్పాచి వచ్చి నిలబడ్డాడు. పక్కన గుమాస్తా నుమాటా. వేడి సాకే సారా పట్టుకొచ్చిన, టీకొట్టు నడిపే ఒతకి కూడా నవ్వుతూ వచ్చి చేరబోయింది.

"నువ్వు తప్పుకో! ముగ్గురు కలిసి పటం దిగితే నడిమివాడు ముందు చస్తాడు, తెలీదూ?" గెన్పాచి కసిరాడు.

"అబ్బో! మనుషుల్ని గొడ్లని బాదినట్టు బాదే మగాడికి పటమంటే భయమా!" ఒతకి మూతి విరిచి పక్కకి తప్పుకుంది.

ఇద్దరే నిలబడ్డారు. గెన్పాచి చివర్న.

రాత్రి టీకొట్టు వెనక గదిలో ఎర్రదీపం. మందునీళ్ళలో గాజుపలక. అందులో అన్నీ తిరగబడి తేలుతాయి — మంచు నల్లగా, మనుషుల కోట్లు తెల్లగా. ముందు ఊరు తేలింది. తర్వాత నుమాటా. తర్వాత గెన్పాచి...

ఆ తర్వాత, గెన్పాచి అవతల, ఇంకొకడు.

ఉత్త కాళ్ళు. కాలి నుంచి సాగిన గొలుసు పలక అంచు దాటిపోయింది. రెండో కొసన ఎవరున్నారో పటంలో పడలేదు.

"నడుమ..." గెన్పాచి పలక మీదికి వంగాడు. "నడుమ ఉన్నది ఎవడు?"

ఇసోగై వేలితో లెక్కపెట్టాడు. "తమరే, జమేదారు గారూ."

గెన్పాచి పలకని నేలకేసి కొట్టాడు. గుమ్మంలో నిలబడ్డ ఒతకి ఈసారి నవ్వలేదు.

"నాలుగోదిగా ఒక చెక్కబొమ్మని పక్కన పెట్టుకోండయ్యా, నలుగురైతే నడిమివాడుండడు. మా అమ్మ అలాగే చేసేది."

"బొమ్మని పెడితే వాడు ఇంకొకణ్ణి తెచ్చుకుంటాడే!" గెన్పాచి గోడకి చేరగిలబడ్డాడు. ఉన్నట్టుండి లేచాడు, కళ్ళు మెరుస్తూ. "ఒంటరిగా నిలబడతాను. ఒక్కడే ఉంటే... ఇక నడిమెక్కడిది?"

ఓడ వెళ్ళేలోగా ఇంకో పటం కావాలి. చీకటి ఉండగానే బయల్దేరారు. తూర్పున వెలుగు పాలనురగలా చిమ్మేసరికి గెన్పాచి మలుపులో ఒంటరిగా నిలబడి ఉన్నాడు. కుడివైపు చూశాడు — మంచు. ఎడమవైపు చూశాడు — మంచు. తనవి తప్ప అడుగులు లేవు. మొదటిసారి ఊపిరి నిండా పీల్చుకున్నాడు. కమలాల వాసన వచ్చినట్టనిపించింది.

"కదలకండి," అని ఇసోగై నల్లగుడ్డలో తల దూర్చాడు. కెమెరా అద్దంలో బొమ్మ తలకిందులుగా కదా పడేది. ఎవరు ఎవరో తెలీదు, ఎంతమందో తెలుస్తుంది.

గుడ్డ లోపల్నించి అతని గొంతు నిద్రమత్తుగా, మామూలుగానే వచ్చింది —

"జమేదారు గారూ, మీరు నడుమ అలాగే ఉండండి. అటొకరు ఇటొకరు వచ్చారే, బాబూ... అంచుల్లో సగమే పడుతున్నారు. కాస్త దగ్గరకి జరగండి."

గెన్పాచి పక్కకి తిరగబోయాడు. 

కుడి భుజానికొకటి, ఎడమ భుజానికొకటి... రెండు చల్లటి భుజాలు మెల్లగా వచ్చి ఆనుకున్నాయి.